జాన్‌ని ఎందుకు నమ్ముతున్నాం?

షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాసిన ‘ది యెల్లో వాల్‌పేపర్’ మీద నేను చదివిన పరిచయాల్లో ఒక మాట పదే పదే కనిపిస్తుంది: ‘అన్‌రిలయబుల్ నరేటర్’. అంటే, కథ చెప్తున్నావిడ మాట నమ్మొద్దని. ఈ మాట మీద నాకు చాలా కోపం ఉంది.

1892లో అచ్చయిన కథ ఇది. కాన్పయ్యాక ఒకావిడకి మనసు బాగుండదు. భర్త జాన్ డాక్టరు. వేసవికి ఒక పాత బంగళా అద్దెకి తీసుకుని, కిటికీలకి ఊచలున్న మేడమీది గదిలో ఆవిణ్ణి ఉంచుతాడు. పని చెయ్యకూడదు, రాయకూడదు. ఆవిడ దొంగచాటుగా రాసుకున్న డైరీయే ఈ కథ. రాన్రానూ గోడకంటించిన పసుప్పచ్చ కాగితం వెనక ఎవరో స్త్రీ పాకుతున్నట్టు కనిపిస్తుంది. చివరికి ఆ స్త్రీ తనే అనుకుంటుంది.

సరే, గోడ వెనక ఎవరూ లేరు. అక్కడ ఆవిడ పొరబడింది. మరి మిగతావి? నాకు పని కావాలి, మనుషులు కావాలి, ఈ గది వద్దు అని ముందునుంచీ చెప్తూనే ఉంది. అందులో తప్పేముంది? జాన్ మాత్రం ‘నీకు నయమవుతోంది, ఒళ్ళు చేస్తున్నావు’ అంటాడు. బరువేం పెరగలేదని ఆవిడ అంటే కౌగిలించుకుని పడుకోమంటాడు. ఇద్దర్లో ఎవర్ని నమ్మకూడదు?

మా ఉద్యోగంలో సర్వర్ పడిపోతే ముందు లాగ్ చదువుతాం. చివరి నాలుగు లైన్లు చెత్తగా ఉన్నాయని ఫైలంతా డిలీట్ చెయ్యం. అంతకుముందు వచ్చిన వార్నింగులు ఎవరు పట్టించుకోలేదో వెతుకుతాం.

గిల్మన్‌కి ఇది ఉత్త ఊహ కాదు. కూతురు పుట్టాక, 1887లో డాక్టర్ సైలస్ వియర్ మిచెల్ దగ్గర ‘విశ్రాంతి చికిత్స’ తీసుకుంది. ఇంటిపట్టున ఉండు, బతికినంతకాలం కలం ముట్టుకోకు అని చెప్పి పంపాడాయన. ఆ మాట విని మతి పోయే అంచుదాకా వెళ్ళానని 1913లో ఆవిడే రాసుకుంది.

ఇంత గొడవ నాకెందుకంటే, మా పాప పుట్టిన కొత్తలో మా ఆవిడ రాత్రుళ్ళు ఫోన్లో ఏదో రాసుకునేది. ‘ఎక్కువ ఆలోచించకు, పడుకో’ అన్నాను. ప్రేమగానే అన్నా. జాన్ కూడా ప్రేమగానే అంటాడు. మొన్న ఈ కథ మళ్ళీ చదివి తనకి చెప్తుంటే, ‘అప్పుడు నేనేం రాసుకున్నానో ఇప్పటికీ అడగలేదు నువ్వు’ అంది.

అందుకే, ఇకమీదట ఎవరైనా ‘అన్‌రిలయబుల్’ అని రాస్తే ఒకటే అడుగుతాను: గోడకాగితం సంగతి పక్కన పెట్టి, ఆవిడ ఇంటి గురించి చెప్పినవాటిలో ఏది అబద్ధమో లిస్టు ఇవ్వండి.