ఈశాన్యంలో నీళ్ళు సరే, పైపు సంగతేమిటి?

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. గుమ్మం తూర్పుకా, ఉత్తరానికా? వంటగది ఆగ్నేయంలో ఉందా? స్కూలు రేటింగు ఎంత? కాస్త పట్టింపు ఎక్కువున్నవాళ్ళు ఈశాన్యంలో నీళ్ళున్నాయో లేదో కూడా చూస్తారు. మంచిదే. కానీ ఆ నీళ్ళు ఇంట్లోకి ఏ పైపులోంచి వస్తున్నాయి, అది దేనితో చేసింది, ఎప్పుడు వేసింది అని అడిగినవాళ్ళని నేను చాలా తక్కువమందిని చూశాను. పాతికేళ్ళ అప్పు మీద సంతకం పెట్టేముందు బేస్‌మెంట్‌లోకి దిగి, నీటి మీటరు దగ్గర నేలలోంచి పైకొచ్చే పైపుని తాళంచెవితో గీకి చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఈసారి వ్యాసం ఆ రెండు నిమిషాల గురించి.

నేనుండే సార్నియా కెనడాలోని ఆంటేరియో రాష్ట్రంలో, హ్యూరాన్ సరస్సు నీళ్ళు సెయింట్ క్లెయిర్ నదిగా బయల్దేరే చోట ఉంది. నదికి అవతలి ఒడ్డున అమెరికా, మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరాన్. 1942లో యుద్ధ అవసరాలకోసం కృత్రిమ రబ్బరు తయారుచెయ్యటానికి ఇక్కడ పాలిమర్ కార్పొరేషన్ పెట్టారు. ఆ తర్వాత రసాయన కర్మాగారాలు పెరిగి ఈ ప్రాంతానికి కెమికల్ వ్యాలీ అని పేరొచ్చింది. ఆ రోజుల్లో పనివాళ్ళకోసం కట్టిన ఇళ్ళు ఊళ్ళో ఇంకా చాలా ఉన్నాయి. టొరంటో ధరలు అందుకోలేక, ఇంటినుంచే పని చేసుకునే వీలుండి, ఇలాంటి చిన్న ఊళ్ళవైపు చూసే సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి దొరికేవి ఇవే: గట్టి గోడలు, పెద్ద పెరడు, అమ్మటానికి ముందు కొత్తగా వేసిన గ్రానైట్, గోడల వెనక తాతలనాటి పైపులు. ఇది ఒక్క సార్నియా సంగతే కాదు. చికాగోలోనో, క్లీవ్‌లండ్‌లోనో, న్యూజెర్సీలోనో పాత ఇల్లు కొన్న ఎవరికైనా ఇదే కథ.

గోడలో ఉన్న లెగసీ కోడ్

ప్లంబర్ అన్న మాట సీసానికి లాటిన్ పేరైన ప్లంబమ్ నుంచి వచ్చింది. సీసం మెత్తన, సులభంగా వంగుతుంది, నేలలో దశాబ్దాలు మన్నుతుంది. అందుకే వీధిలోని మెయిన్ పైపు నుంచి ఇంటిదాకా వచ్చే సర్వీసు లైనుకి దాన్ని వాడేవారు. కెనడా జాతీయ ప్లంబింగ్ కోడ్ సీసపు పైపులని 1975 దాకా, సీసం కలిసిన టంకాన్ని 1986 దాకా అనుమతించింది. ఆచరణలో సీసపు లైన్లు 1950ల మధ్యకాలానికి ముందు కట్టిన ఇళ్ళలో ఎక్కువ.

తర్వాతిది జింకు పూత పూసిన ఇనుప పైపు. మన ఊళ్ళో జి.ఐ. పైపు అంటామే, అదే. పూత పోయాక లోపల తుప్పు పేరుకుని దారి సన్నబడుతుంది. వంటింట్లో కుళాయి తిప్పితే పైన షవర్ నీరసపడటం, పొద్దున్నే మొదట వచ్చే నీళ్ళు గోధుమరంగులో ఉండటం దీని లక్షణాలు. దీనికి ముందు సీసపు లైను ఉంటే ఆ తుప్పు సీసాన్ని పట్టి ఉంచుకుని, తర్వాత ఎప్పుడో వదులుతుంది. అంటే సీసపు లైను తీసేసినా లోపలి తుప్పు పైపు పాత బాకీ తీరుస్తూనే ఉంటుంది.

ఆ తర్వాత రాగి వచ్చింది. రాగి మంచిదే కానీ, 1986కి ముందు అతికిన అతుకుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. చవగ్గా పనైపోవాలని 1978 ప్రాంతంలో పాలీబ్యూటిలీన్ అనే బూడిదరంగు ప్లాస్టిక్ పైపు వచ్చింది. నీళ్ళలోని క్లోరిన్‌కి అది లోపలినుంచి పెళుసెక్కి పగుళ్ళిచ్చింది. అమెరికాలో 1995లో కుదిరిన ఒక కోర్టు ఒప్పందం విలువే సుమారు 95 కోట్ల డాలర్లు. అది పోయేవేళకి కైటెక్ వచ్చింది. నారింజ, నీలం రంగుల్లో ఉండే ఈ పైపు సుమారు 1995 నుంచి 2007 దాకా అమ్ముడైంది. దాని ఇత్తడి జాయింట్లలోంచి జింకు కరిగిపోయి అవి విరిగేవి. కెనడా, అమెరికాలకి కలిపి 2011లో 12.5 కోట్ల డాలర్ల ఒప్పందం జరిగింది. పరిహారం అడిగే గడువు 2020 జనవరితో ముగిసింది. అంటే ఇవాళ కైటెక్ ఉన్న ఇల్లు కొన్నవాళ్ళు జేబులోంచే పెట్టుకోవాలి. పాలీబ్యూటిలీన్ గానీ కైటెక్ గానీ ఉందంటే ఇన్సూరెన్స్‌వాళ్ళు వెనకాడటమూ మామూలే.

మన పరిభాషలో చెప్పాలంటే ఒక పాత ఇంట్లో మూడు నాలుగు వెర్షన్లు ఒకేసారి నడుస్తుంటాయి. డాక్యుమెంటేషన్ ఉండదు. రాసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు.

ఒకటే సరస్సు, రెండు గుణపాఠాలు

సార్నియాకి పడమట సుమారు వంద కిలోమీటర్లలో ఫ్లింట్, తూర్పున దాదాపు అంతే దూరంలో లండన్ (ఆంటేరియోది) ఉన్నాయి. ఫ్లింట్ 2014 దాకా డెట్రాయిట్ నుంచి కొన్న నీళ్ళు హ్యూరాన్ సరస్సువి. లండన్ తాగే నీళ్ళలో పెద్ద భాగం అదే సరస్సుది. మేం తాగేవీ ఆ సరస్సు నీళ్ళే.

ఫ్లింట్ 2014 ఏప్రిల్లో ఖర్చు తగ్గించుకోవాలని తన ఊరి నదినుంచి నీళ్ళు తీసుకోవటం మొదలుపెట్టింది. ఆ నీళ్ళలో పైపులని కాపాడే ఫాస్ఫేట్ కలపలేదు. దశాబ్దాలుగా సీసపు పైపుల లోపల పొరలా పేరుకున్న ఖనిజం కరిగిపోయింది. సీసం నేరుగా పిల్లల గ్లాసుల్లోకి వచ్చింది. 2015 అక్టోబరులో మళ్ళీ సరస్సు నీళ్ళకే తిరిగారు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, పైపులు 2014లో కొత్తగా చెడిపోలేదు. బగ్ ఎప్పటినుంచో ఉంది. ఎక్కడో పైనున్న ఒక డిపెండెన్సీ మారగానే బయటపడింది.

లండన్‌లో 2007లో పాత ఇళ్ళ కుళాయి నీళ్ళలో పరిమితికి మించి సీసం కనిపించింది. అక్కడ నది మారలేదు, కుంభకోణం జరగలేదు. కొలిచి చూశారు, ఉంది. ఆ తర్వాతే ఆంటేరియో ప్రభుత్వం ఇళ్ళ కుళాయిల దగ్గర సీసం పరీక్షలు చెయ్యాలని పట్టణాలకి నిబంధన పెట్టింది. ప్లాంటులో శుద్ధిచేసిన నీళ్ళలో లోపం లేకపోయినా, చివరి ఇరవై మీటర్లలో సీసం చేరుతుంది. ప్లాంటు రిపోర్టు చూసి ధైర్యపడటమంటే, సర్వర్ బాగానే ఉంది కాబట్టి యూజర్‌కి పేజీ తెరుచుకున్నట్టే అనుకోవటం.

సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలని అది దెబ్బతీస్తుంది, ఆ నష్టం తిరిగి రాదు. హెల్త్ కెనడా 2019లో తన మార్గదర్శక పరిమితిని లీటరుకి 10 మైక్రోగ్రాముల నుంచి 5కి తగ్గించింది.

కాచితే పోదు

మన దగ్గర నీళ్ళంటే భయం సూక్ష్మజీవులది. హైదరాబాదు భోలక్‌పూర్‌లో 2009 మేలో తాగునీటి పైపులోకి మురుగు చేరి పలువురు చనిపోయారు, వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. రోజులో కాసేపే నీళ్ళు వదిలే చోట, ఒత్తిడి లేని సమయంలో పగిలిన పైపు బయటి మురుగుని లోపలికి పీల్చుకుంటుంది. అందుకే కాచి చల్లార్చి తాగటం మన అమ్మలు నేర్పిన విద్య. ఇక్కడ పైపులో ఇరవైనాలుగు గంటలూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఆ భయం తక్కువ. కానీ సీసం విషయంలో ఆ విద్య పనికిరాదు. కాచితే నీళ్ళు ఆవిరై సీసం ఇంకాస్త చిక్కబడుతుంది. ఎసరు త్వరగా మరుగుతుందని వేడినీళ్ళ కుళాయి కింద గిన్నె పెట్టే అలవాటు ఇంకా చెడ్డది, వేడినీళ్ళు సీసాన్ని ఎక్కువ కరిగిస్తాయి.

ఫిల్టరు పెట్టుకుంటే సరిపోదా? ఎన్.ఎస్.ఎఫ్. 53 ప్రమాణం కింద సీసానికి ప్రత్యేకంగా ధ్రువీకరించిన ఫిల్టరైతే, కాట్రిజ్ వేళకి మారిస్తే, పనిచేస్తుంది. అయితే అది హాట్‌ఫిక్స్. రేపు ఆ ఇంట్లో అద్దెకి దిగేవాళ్ళకి ఫిల్టరు ఎందుకుందో కూడా తెలియకపోవచ్చు.

అంతకన్నా చెడ్డది సగం మరమ్మతు. సర్వీసు లైనులో వీధినుంచి స్థలం హద్దు దాకా ఊరిది, అక్కడినుంచి ఇంటిదాకా యజమానిది. రోడ్డు తవ్వినప్పుడు ఊరు తన సగం తీసి రాగి వేసి, పాత సీసానికి అతికి వెళ్ళిపోతే ఏమవుతుంది? పైపుని కోసి కదిలించటంవల్ల పొర రాలుతుంది. రాగి, సీసం కలిసినచోట బ్యాటరీలోలాగా తుప్పు వేగం పెరుగుతుంది. కొన్నాళ్ళపాటు నీళ్ళలో సీసం మునుపటికన్నా పెరగవచ్చు. మారిస్తే మొత్తం మార్చాలి, ఒకేసారి మార్చాలి.

ఖర్చు ఎవరిది?

నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను. ఈ సగం-సగం యాజమాన్యం ఎత్తేసి, సీసపు లైన్లు మొత్తం ఊరి ఖర్చుతోనే మార్చాలి. "ఒకరి ఇంటి పైపుకి అందరి పన్నులు ఎందుకు?" అన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ పైపుని ఒప్పుకున్నది ప్రభుత్వ కోడే. చికాగోలో అయితే 1986 దాకా సీసమే వెయ్యాలన్నది నిబంధన. అద్దెకుండేవాళ్ళకి పైపు మార్చే హక్కు లేదు, వాళ్ళ పిల్లలు తాగేది మాత్రం ఆ నీళ్ళే. పైగా వీధిని ఒకసారి తవ్వి మొత్తం చెయ్యటం, రెండుసార్లు తవ్వి రెండు సగాలు చెయ్యటంకన్నా చవక.

అయ్యే పనేనా అంటే, నదికి అవతల ఇప్పటికే అవుతోంది. మిషిగన్ 2018లో చేసిన నిబంధన ప్రకారం సీసపు లైన్లని నీటి సంస్థలు ఇంటిదాకా తమ ఖర్చుతో మార్చాలి. 2021 నుంచి ఇరవై ఏళ్ళ గడువు. ఆ నిబంధన రాకముందే లాన్సింగ్ నగరం 2004లో మొదలుపెట్టి 2016 డిసెంబరుకల్లా 12 వేలకి పైగా సీసపు లైన్లు తీసేసింది. అక్కడ లైను మీటరుదాకా నీటి సంస్థదే కావటంతో "నీదా, నాదా" అన్న వాదనే రాలేదు. మనవాళ్ళు వేలమంది ఉండే న్యూజెర్సీలో, నూఆర్క్ 2019 నుంచి మూడేళ్ళలోపే సుమారు 23 వేల లైన్లు ఇంటివాళ్ళ దగ్గర పైసా తీసుకోకుండా మార్చింది. వంతెన దాటితే ఒక న్యాయం, ఇవతల ఇంకొకటి ఉండటానికి సాంకేతిక కారణమేమీ లేదు.

అందాకా ఆగలేం కాబట్టి, చెయ్యగలిగినవి చూద్దాం. మీటరు దగ్గర పైపుని గీకండి. వెండిలా మెరిసి, అయస్కాంతం అంటుకోకపోతే సీసం. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. పాత నాణెం రంగులో ఉంటే రాగి. బూడిదరంగు, నారింజ, నీలం ప్లాస్టిక్ కనిపిస్తే దానిమీద అచ్చు చదవండి. ఊరివైపు సగం దేనితో చేసిందో మునిసిపాలిటీని అడగండి. రాత్రంతా నిలిచిన మొదటి నీళ్ళు పట్టి పరీక్షకి పంపండి. పైపు మార్చేదాకా పొద్దున్నే చన్నీళ్ళు కొన్ని నిమిషాలు వదిలాకే తాగటానికీ వంటకీ పట్టుకోండి. పాలపొడి కలిపే పసివాళ్ళున్న ఇంట్లో ఫిల్టరు తప్పనిసరి. మార్చాల్సి వస్తే బేస్‌మెంట్ ఫినిష్ చేయించకముందే, డ్రైవ్‌వేకి కొత్త కాంక్రీటు పొయ్యకముందే మార్చండి. హామిల్టన్‌లాంటి నగరాలు దీనికి అప్పు ఇస్తాయి, మీ ఊళ్ళో ఏముందో కనుక్కోండి.

ఇంకొక్క పని కూడా ఉంది. మనలో చాలామందికి ఇంకా ఓటు లేదు. కానీ ఇల్లున్న ప్రతివాళ్ళం ఆస్తిపన్ను కడుతున్నాం, నీటి బిల్లు కడుతున్నాం. మీ వీధిలో ఎన్ని సీసపు లైన్లున్నాయి, ఎప్పటికల్లా తీస్తారు అని మీ కౌన్సిలర్‌కి ఒక ఈమెయిల్ రాయటానికి పౌరసత్వం అక్కర్లేదు.