నారింజ పోగొట్టుకున్న అక్షరం

పిల్లలూ, క్లాసులో 'నారింజ' అని చదివితే మీలో కొందరు నవ్వుతారు. "ఆరెంజ్ అనొచ్చు కదా మేడమ్!" అంటారు. అనొచ్చు. కానీ ఆ రెండూ ఒకే ఇంటి మాటలని తెలుసా?

ఈ మాట పుట్టిల్లు దక్షిణ భారత భాషలేనని చాలామంది భాషావేత్తలు చెబుతారు. సంస్కృతంలో నారంగం, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరాన్హ. అంతదాకా 'న' పదిలంగానే ఉంది. ఇటలీ, ఫ్రాన్సుల్లో 'ఒక' అనే అర్థంతో ముందు వచ్చే మాటలోనూ నకారం ఉంది. రెండూ కలిసిపోయి, పండు తన 'న'ను పక్కమాటకు ఇచ్చేసింది. మిగిలిందే ఇంగ్లీషుకు చేరింది. రంగుకు ఆ పేరు ఇంకా ఆలస్యంగా, 16వ శతాబ్దంలో వచ్చింది. అందుకే నారింజ రంగు ఛాతీ ఉన్న రాబిన్ పిట్ట ఇంగ్లీషువాళ్లకు నేటికీ 'రెడ్ బ్రెస్టే'!

ఇన్ని దేశాలు తిరిగి అక్షరం పోగొట్టుకున్న మాటను ఎవరూ తప్పనరు. మూడేళ్లకో ఊరు మారే మీరు 'ళ'ను 'ల' అంటే మాత్రం మేం ఎర్ర సిరాతో సున్నా చుడతాం. అది తొందరపాటేనని ఇప్పుడు అనిపిస్తోంది. ళకారం తర్వాతైనా నేర్పొచ్చు. సిగ్గుపడి నోరు మూసుకున్న పిల్లవాడి చేత మళ్లీ తెలుగు మాట్లాడించడం మా వల్ల కాలేదు. కిందటి బదిలీలో అలాంటి ఒకణ్ణి అలాగే వదిలి వచ్చాం.