పెళ్ళిపూలు - ఒంటికి పడేవీ, పడనివీ

కళ్యాణదుర్గం నుంచి ఒక తల్లి ఇలా రాశారు: "మాఘమాసంలో మా పెద్దమ్మాయి పెండ్లి పెట్టుకున్నాము. మా ఆయనకు నాలుగేండ్లుగా మొహం, మెడ, మోచేతి మడతలు నల్లబడి, గరుకెక్కి, ఒకటే దురద. శనక్కాయ చేనికి పోయొచ్చిన దినం మరీ ఎక్కువ. కాంగ్రెస్ గడ్డి పడలేదని డాక్టరు చెప్పినారు. మగపెండ్లివాళ్ళు పందిరంతా తెల్ల చామంతులతో కట్టాలని, దండలు గూడా అవే కావాలని ముచ్చటపడుతున్నారు. పూలకూ ఆ గడ్డికీ ఏం సంబంధముండదు గదా? కన్యాదానం చేయాల్సింది ఆయనే."

సంబంధం ఉందమ్మా. చామంతి, కాంగ్రెస్ గడ్డి ఒకే వృక్షకుటుంబానికి చెందినవి. వయ్యారిభామ అని కొందరు ముద్దుగా పిలిచే ఈ కలుపు మన దేశపుది కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1950ల మధ్యలో పూణేలో మొదట కంటబడి, ఆ తర్వాత దేశమంతా పాకింది. అనంతపురం వైపు నాలుగు చినుకులు పడితే చాలు, బీడులోనూ బాటపక్కనా వేరుశనగ కంటే ముందు అదే మొలుస్తుంది. దాని ఆకుల్లో, పూలలో ఉండే పార్థెనిన్ అనే పదార్థం ఎండిన పొడిగా గాలిలో తేలివచ్చి చర్మానికి తగులుతుంది. బట్ట కప్పని చోటనే - మొహం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు - బాధ కనిపించడానికి కారణం అదే. చేలలో తిరిగే మగవారిలో ఇది ఎక్కువ.

చామంతిలోనూ ఆ జాతి పదార్థాలే ఉన్నాయి. ఒంటికి ఒకసారి ఆ గడ్డి శత్రువని తెలిసిపోయాక, చామంతి తగిలినా చాలామందిలో చర్మం అదే శత్రువు మళ్ళీ వచ్చిందనుకుంటుంది. పూలు కట్టేవారిలో కొందరికి వేళ్ళు పగిలి పుండ్లు పడేది కూడా ఇందువల్లనే. పాపం, వాళ్ళు సున్నమనీ, చన్నీళ్ళనీ అనుకుంటారు!

ఇక్కడొక తిరకాసుంది. ఈ రకం ఎలర్జీ అప్పటికప్పుడు బయటపడదు. దండ మెడలో ఉన్నంతసేపూ మీవారు హాయిగానే ఉండవచ్చు. ఒకటి రెండు రోజులకు, అమ్మాయిని అత్తవారింటికి సాగనంపే వేళకు, కనురెప్పలు వాచి, మెడ ఎర్రబడి రసి కారవచ్చు. అప్పుడు అందరూ వంటనూనెనో, వంకాయకూరనో తిడతారు గాని చామంతి దండ ఎవరికీ గుర్తుకు రాదు. "ముందుగా ఒక పువ్వు చేతిమీద రుద్ది చూద్దామా" అంటారేమో, ఆ పని చేయకండి. పరీక్ష కావాలంటే చర్మవైద్యులు ప్యాచ్ పరీక్ష అని వీపుమీద పట్టీలు అంటించి, రెండు మూడు రోజులు చూసి తేలుస్తారు. పెళ్ళికి ఇంకా వ్యవధి ఉంది గనుక ఇప్పుడే వెళ్ళడం మంచిది.

మరి ఏ పూలు? దండలకు గులాబీలు పెట్టించండి. కనకాంబరాలు మన సీమ పూలు. వాసన లేదు, ఆ కుటుంబమూ కాదు. కదిరి మల్లెలు మాఘానికి దండిగా రావు, వస్తే మల్లెకూ ఈ గడ్డికీ చుట్టరికం లేదు. పందిరికి మామిడాకు తోరణాలు, అరటి చెట్లు, అల్లిన కొబ్బరాకులు చాలు. పెద్దల కాలంలో పందిళ్ళన్నీ అలాంటివే, ఎవరి పెళ్ళీ చిన్నబోలేదు. బంతి కూడా చామంతి కుటుంబమే. చామంతి అంత చెరుపు చేయదు గాని, మీవారి విషయంలో అదీ వద్దు. చామంతుల ముచ్చట అంతగా ఉంటే విడిదిలోనో, భోజనాల దగ్గరో కట్టుకోనివ్వండి. మీవారు గంటన్నర సేపు కూర్చునే మండపం మీద మాత్రం వద్దు.

వియ్యాలవారికి ఈ మాట ఎలా చెప్పాలన్నది మీ బెంగ కావచ్చు. పూలు కొన్న తర్వాత చెబితే తగువు, ఇప్పుడు చెబితే మామూలు మాట. "మామగారికి చామంతి పడదట" అని అల్లుడిచేత చెప్పించండి, సులువవుతుంది.

మరొక్క మాట. ఈ దురదకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఆయింట్‌మెంటు నెలల తరబడి మొహానికి పూసేవారున్నారు. వాటిలో చాలావరకు స్టెరాయిడ్లు. పూసినప్పుడు చల్లగానే ఉంటుంది, పోనుపోను చర్మం పలచబడి ఎర్రగా నరాలు తేలతాయి. పెళ్ళికి మొహం తేటగా కనిపించాలని డాక్టరు చెప్పకుండా ఆ పని చేయించకండి.

ఉబ్బసం ఉన్నవారి సంగతి వేరు. వారికి పువ్వు కంటే ఘాటు ముఖ్యం. లిల్లీలు, సంపెంగలు, వాటికి తోడు అత్తరు, సాంబ్రాణి పొగ - అన్నీ ఒకే గదిలో చేరితే కొందరికి ఊపిరి బిగుసుకుంటుంది. అలాంటివారిని గాలి వచ్చేచోట కూర్చోబెట్టి, వాడే ఇన్‌హేలర్ పెట్టెలో కాక జేబులో ఉంచుకోమనండి. వైశాఖంలో పెళ్ళయితే పూలజడ సంగతి కూడా చూసుకోవాలి. ఉపవాసం, పట్టుచీర, హోమం వేడి, వెనక్కి లాగే బరువైన జడ - ఇవన్నీ కలిసి పిల్లకు కళ్ళు తిరిగితే దిష్టి అంటారు. ఉప్పు వేసిన మజ్జిగ ముందే ఇచ్చి ఉంటే దిష్టి చాలావరకు తగలదు.

పెళ్ళయ్యాక వాడిన దండలను మేకలకూ ఆవులకూ వేయడం మన ఇళ్ళలో అలవాటు. ఆ దండలలో గన్నేరు ఉందేమో చూసి మరీ వేయండి. తెల్లదైనా, ఎర్రదైనా, పచ్చదైనా గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే, ఎండినా విషమే. కొద్ది ఆకులు తిన్నా పశువు గుండె ఆగిపోవచ్చు. చంటిపిల్లలు నోట్లో పెట్టుకున్నా అంతే ప్రమాదం; అలా జరిగితే ఇంటివైద్యం, వాంతి చేయించడం వంటివి పెట్టుకోకుండా, నమిలిన ముక్కతో సహా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. దండ కట్టేవారికి బయానా ఇచ్చేనాడే "గన్నేరు ఒక్కటీ కలపవద్దు" అని చెప్పి ఇవ్వండి.