తోసింది ప్రాణశక్తా, శిష్యుడి భక్తా?

నెల్లూరులో పెన్న వంతెన దాటగానే వచ్చే మా కోవూరుకు తై చీ అనే చైనా విద్యను ఏ గురువూ మోసుకురాలేదు, సెల్‌ఫోనే తెచ్చింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆ వీడియోలు చూసి మెల్లగా చేతులు తిప్పుతూ అడుగులు వేస్తే మంచిదే. వాటి వెనకాలే వచ్చే ఇంకో రకం వీడియోలతోనే నా పేచీ. తెల్లగడ్డం గురువు వేలు తాకించీ తాకించకముందే కండలు తిరిగిన శిష్యుడు పదడుగులు వెనక్కి ఎగిరిపడతాడు. అది ప్రాణశక్తి మహిమ అని ఒకరు, మన బోధిధర్ముడు చైనావాళ్లకు నేర్పిన విద్యే కదా అని ఇంకొకరు అంటుంటారు.

ఇలాంటి చోట రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. పని నిజంగా జరిగిందా? జరిగితే, వాళ్లు చెప్పే కారణం నిజమేనా? మన పల్లెల్లో పీర్ల పండక్కి నిప్పుల గుండం తొక్కుతారు. తొక్కడం నిజమే. కాలకపోవడానికి చెప్పే కారణమే తప్పు. బూడిద కప్పిన బొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది, పాదం దాన్ని తాకేది క్షణంలో కొంత భాగమే. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు ఏ దేవుణ్నీ తలవకుండానే నిప్పుల మీద నడిచి చూపించారు.

తై చీ ఆరోగ్యం సంగతీ అంతే. మోకాళ్లు కొద్దిగా వంచి, ఒంటి బరువంతా ఒక కాలి మీది నుంచి రెండో కాలి మీదికి తొందరపడకుండా మార్చడమే ఆ సాధనలో అసలు పని. కాళ్ల కండరాలకు, ఒంటి నిలకడకు అది మంచి శిక్షణ. అమెరికాలో 195 మంది పార్కిన్సన్ రోగుల మీద చేసిన పరిశోధన 2012లో అచ్చయింది. సాగదీత వ్యాయామాలు చేసినవాళ్ల కంటే తై చీ చేసినవాళ్లు నిలకడగా నిలబడ్డారు, తక్కువసార్లు పడ్డారు. దీనికి నాడుల్లో ప్రవహించే అదృశ్యశక్తి ఏదీ అక్కర్లేదు.

ఆత్మరక్షణకు పనికొచ్చే పట్లు కూడా అందులో ఉన్నాయి, కాదనను. కోతిని వెనక్కి నెట్టడం అనే కదలిక చూడండి. ఎవడో ముంజేయి పట్టుకున్నాడు. అరచేయి పైకి తిప్పి, వాడి బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య ఉన్న సందు వైపు లాగుతూ ఒకడుగు వెనక్కి వేయాలి. అదే ఊపులో రెండో అరచేయి వాడి ముఖం మీదికి పోవాలి. పట్టులో బలహీనమైన చోటు బొటనవేలి దగ్గరే ఉంటుంది కాబట్టి చెయ్యి జారుతుంది. అయితే ఇది గాలిలో వందసార్లు చేసినంత మాత్రాన రాదు. వదలకుండా బిగించేవాడు, రెండో చేత్తో కొట్టేవాడు ఎదురుగా ఉండి, వాడితో తరచుగా పెనుగులాడితేనే వస్తుంది.

ప్రాణశక్తి గురువుల దగ్గర జరగనిది ఈ పెనుగులాటే. 2017 ఏప్రిల్‌లో చైనాలోని చెంగ్డూలో వేయ్ లేయ్ అనే తై చీ గురువు, షూ షియావ్‌దోంగ్ అనే ఎంఎంఏ (మిశ్రమ యుద్ధకళల) యోధుడితో తలపడ్డాడు. పుచ్చకాయ తొక్క చెదరకుండా లోపలి గుజ్జును అంతర్బలంతో నుగ్గు చేస్తాడని టీవీ చూపించిన గురువు ఆయన. అరనిమిషం కూడా నిలబడలేకపోయాడు. 2020లో మా బావోగువో అనే మరో గురువు అరనిమిషంలో మూడుసార్లు కూలాడు. శిష్యులు ఎందుకు ఎగిరిపడతారంటే, వాళ్లందరూ దొంగలని కాదు. పడకపోతే సాధన చాలలేదంటారు, గురువుకు అవమానమంటారు. ఏళ్ల తరబడి ఆ భయభక్తుల్లో ఉన్న ఒళ్లు వేలు కదలగానే తనంతట తానే పడిపోతుంది. గురువు కూడా తన మహిమను తానే నమ్మేస్తాడు. నమ్మకపోతే వేయ్ లేయ్, మా బావోగువో ఇద్దరూ బరిలోకి దిగేవారు కారు.

ఇక బోధిధర్ముడు. ఆయన కంచి పల్లవ రాకుమారుడని చెబుతారు. కంచి మనకు దగ్గర, పల్లవులు నెల్లూరు సీమను ఏలినవాళ్లు, పైగా 2011లో ఆయన కథతో సెవెన్త్ సెన్స్ సినిమా వచ్చింది. గర్వపడాలనిపించడం సహజం. కానీ ఆయనకు అంటగట్టిన వ్యాయామ గ్రంథం యీజిన్ జింగ్ ఆయన తర్వాత వెయ్యేళ్లకు, 17వ శతాబ్దంలో పుట్టింది. షావోలిన్ మఠం యుద్ధవిద్యకు బోధిధర్ముడు, తై చీకి తావో సాధువు జాంగ్ సాన్‌ఫెంగ్ ఆద్యులన్న కథలకు ఆధారం లేదని చైనా చరిత్రకారుడు టాంగ్ హావ్ 1930లోనే తేల్చిచెప్పాడు. తై చీ జాడ మనకు కచ్చితంగా దొరికేది హెనాన్ రాష్ట్రంలోని చెన్ వంశం వాళ్ల ఊళ్లో. తమ దేశపు కట్టుకథను చైనావాడే తోసిపుచ్చితే, దాన్ని మనం నెత్తికెత్తుకోవడం ఏం గౌరవం?

ఇదంతా పెద్దవాళ్ల కాలక్షేపమైతే నేను పట్టించుకునేవాణ్ని కాదు. ఇప్పుడు ప్రభుత్వ బళ్లలో ఆడపిల్లలకు రాణీ లక్ష్మీబాయి పేరుతో ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్నారు. అది కావాలి, ఇంకా ఎక్కువ కావాలి. ఆ పిల్లల చెవిలో మర్మకళ, అంతర్బలం, చూపుతో పడగొట్టడం లాంటివి పోస్తే, చీకటి సందులో ఆపద వచ్చిననాడు పరుగెత్తాల్సిన పిల్ల నిలబడిపోతుంది. ఆ తప్పుకు మూల్యం గురువు చెల్లించడు.

తిరువళ్లలో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన హేతువాది అబ్రహాం కోవూర్, మోసానికి వీల్లేని పరీక్షలో మహిమ చూపిస్తే లక్ష రూపాయలిస్తానని 1963లో సవాలు విసిరాడు. 1978లో ఆయన పోయేదాకా ఆ డబ్బు గెలిచినవాడు లేడు. మీ ఊరి గురువుకు లక్ష రూపాయలు చూపించక్కర్లేదు. మీ పిల్లను చేర్పించేముందు, ఆయన శిష్యుడు కాని ఒక మనిషిని గట్టిగా పట్టుకోమని చెప్పి, విడిపించుకోమనండి. ఆయన ఒప్పుకోకపోతే పిల్లను చేర్పించకండి.