గుమ్మం ముందు నిలిచిన అధికారం

ఇతరుల ఇంట ప్రవేశించే ముందు అనుమతి కోరాలని 'నూర్' సూరా మనకు నేర్పింది. పొరుగువారికి హాని కలిగించరాదన్నదీ మన ధర్మమే. భవన భద్రతా తనిఖీకి అధికారి వచ్చినప్పుడు ఈ రెండు బాధ్యతలూ ఒకే గుమ్మంలో ఎదురుపడతాయి.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1963 నవంబరులో ఇదే జరిగింది. నగర ఇన్‌స్పెక్టరు వార్షిక తనిఖీకి వచ్చాడు. కింది అంతస్తును అద్దెకు తీసుకున్న కమారా అనే వ్యక్తి, వారంటు లేనిదే లోనికి రానివ్వనన్నాడు. అందుకు అతనిపై క్రిమినల్ కేసు పెట్టారు. ఇటువంటి తనిఖీకి వారంటు అక్కరలేదని ఆ దేశ సుప్రీంకోర్టు 1959లో తీర్పు చెప్పి ఉంది. 1967 జూన్ 5న అదే న్యాయస్థానం 6–3 మెజారిటీతో ఆ తీర్పును తోసిపుచ్చింది. ఇంటివారు నిరాకరిస్తే వారంటు తీసుకురావలసిందేనన్నది. వచ్చినవాని అధికారానికి హద్దు ఎక్కడో తెలుసుకునే మార్గం ఇంటివారికి లేదన్నది అందుకు చూపిన కారణాలలో ఒకటి.

అయితే న్యాయస్థానం నగర భద్రతను విస్మరించలేదు. ఆ ఇంట్లోనే లోపముందని ముందుగా చూపనక్కరలేదు. భవనం స్వభావం, గత తనిఖీ నుండి గడిచిన కాలం, ఆ ప్రాంతపు స్థితిగతులు వారంటుకు ఆధారం కాగలవు. అత్యవసర పరిస్థితిలో వారంటు కోసం ఆగనక్కరలేదు.

మనం గ్రహించవలసినది ఇదే. అధికారి తన సదుద్దేశానికి తానే సాక్షి కాజాలడు. ఇంటివాడు తన గోడల పటిష్ఠతకు తానే తీర్పరి కాజాలడు. ఇద్దరి మధ్య న్యాయమూర్తి నిలవాలి. వారంటు అడగడం హక్కే గాని, బీటలువారిన గోడను దాచే తెర కారాదు. ఆ గోడ కూలితే పొరుగువారి పిల్లల మీదే పడవచ్చు.