ఆ సూది ఉట్నూరులోనే పడాలి

రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకునే గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని ఒళ్లంతా తిప్పుతుంది. తన కండరానికి కావలసిన రక్తం మాత్రం సన్నని కరోనరీ ధమనుల ద్వారానే అందాలి. అక్కడ గడ్డ అడ్డుపడితే అరగంటకే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. అదే గుండెపోటు. ఆదిలాబాద్ నుంచి పెద్ద ఆసుపత్రులున్న హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. ఉట్నూరు, నార్నూరు గూడేల నుంచి దారి ఇంకా కష్టం. మూసుకుపోయిన ధమనిని తెరిచే యాంజియోప్లాస్టీయే మేలు కదా అంటారు. నిజమే, సమయానికి అందితే. 120 నిమిషాల్లో అది కుదరకపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ముందు ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. రక్తస్రావం ముప్పు ఉన్నమాట వాస్తవం. అందుకే ఈసీజీని ఫోన్లో నిపుణుడికి చూపించి, పాత పక్షవాతం ఉందేమో అడిగి ఇవ్వాలి. ఆ మందు, ఈసీజీ యంత్రం, శిక్షణ పొందిన సిబ్బంది ప్రతి ఏజెన్సీ ఆసుపత్రిలో రాత్రీపగలూ ఉండాలి. ఛాతీ పట్టేస్తే గ్యాసని సరిపెట్టుకోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.