స్తంభం మీది భయానికి చట్టంలో చోటేది?

కరెంటు పనివాడికి భయం వుండకూడదని మన సమాజం ఎప్పుడో తీర్మానించేసింది. భయమేస్తోందని పైకి చెప్పుకున్నవాడు మగవాడే కాదని కూడా తీర్మానించింది. ఈ రెండో తీర్మానం వల్లనే లైన్‌మన్ మానసిక ఆరోగ్యం స్త్రీల పత్రికలో చర్చించాల్సిన విషయమవుతోంది.

ఏలూరు జిల్లా కైకలూరు మండలంలో పెద్దింట్లమ్మ గుడి వున్న లంక గ్రామం కొల్లేటికోట. ఆ సీమంతా నీరూ, చెరువు గట్లూ, గట్ల వెంట కరెంటు స్తంభాలూ. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించినా, 2006లో సరస్సులోని చెరువుల గట్లు తెగ్గొట్టినా, చుట్టుపక్కల చేపల, రొయ్యల సాగు ఆగలేదు. రొయ్యల చెరువులో ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. పగలు ప్రాణవాయువునిచ్చే నాచే రాత్రి దాన్ని పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకి చెరువుకి వూపిరాడదు. సరిగ్గా ఆ వేళ కరెంటు పోతే అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడంతా చచ్చి తేలుతుంది. అప్పుడు ఫోను మోగేది లైన్‌మన్ ఇంట్లో.

తడి గట్టు మీద, చీకట్లో స్తంభమెక్కినవాడి ప్రాణం అతని నైపుణ్యం మీదకన్నా ఇంకొకరి మాట మీద ఎక్కువ ఆధారపడి వుంటుంది. సబ్‌స్టేషన్‌లో లైన్ క్లియర్ ఇచ్చింది ఈ ఫీడరుకేనా? తాను దిగకముందే మళ్లీ ఛార్జి చేస్తారా? ఏ చెరువు దగ్గరో జనరేటరు వేస్తే, ఛేంజోవర్ స్విచ్ సరిగా లేక, ఆపిన లైనులోకే కరెంటు వెనక్కి వస్తుందా? ఎర్త్ రాడ్లు తగిలించుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. కింద రైతు తొందరపెడుతుంటే, ఫోనులో అధికారి కేకలేస్తుంటే ఆ కాస్త వ్యవధి కూడా దొరకదు. దీన్ని ధైర్యమని పొగడడం యాజమాన్యాలకి చౌక బేరం. గ్లౌజులకీ, రెండో మనిషికీ డబ్బు ఖర్చవుతుంది కదా!

1998 విద్యుత్ సంస్కరణల చట్టం, మరుసటి ఏడు విద్యుత్ బోర్డు విభజన తర్వాత ఈ పనిలో కాంట్రాక్టు కార్మికులు పెరిగారు. 2019లో గ్రామ సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్ల పేరుతో కుర్రవాళ్లు చేరారు. ప్రమాదం జరిగితే ముందు వినబడే మాట 'అజాగ్రత్త'. ఆ మాట చచ్చినవాడితో ఆగదు, పక్కనుండి చూసినవాడిని కూడా నేరస్తుణ్ణి చేస్తుంది.

ఆ భయాన్ని ఇంట్లో మోసేది భార్య. అతను వచ్చేదాకా మేలుకుని వుండడం, ఫోను ఎత్తకపోతే తోటి లైన్‌మన్ ఇంటికి చేసి కనుక్కోవడం, నిద్రలో వులిక్కిపడితే పట్టుకోవడం, స్నేహితుడి శవాన్ని స్తంభం నుంచి దించి వచ్చినవాడు రోజుల తరబడి మాట్లాడకపోతే పిల్లలకి ఏదో ఒకటి చెప్పడం - ఇదంతా ఏ సంస్థా జీతమివ్వని శ్రమ. కొన్ని ఇళ్లలో తాగుడూ ఇక్కడినుంచే మొదలవుతుంది. ఒత్తిడి ఆ తాగుడుని అర్థం చేసుకోవడానికి పనికొస్తుందే గాని భార్యని కొట్టడానికి సాకు కాదు. ఈ సంగతిని కార్మిక సంఘాలు కూడా తమ సభల్లో మాట్లాడాలి.

చట్టం సంగతి చూడండి. 1923 నాటి నష్టపరిహార చట్టంలోని వృత్తివ్యాధుల జాబితాలో సీసం వుండేది, పాదరసం వుండేది, మానసిక గాయం వుండేది కాదు. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా దాన్ని చేర్చలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ తన జాబితాలో మానసిక రుగ్మతలని 2010లోనే చేర్చింది. చెయ్యి కాలితే లెక్క వుంది. ఆ చెయ్యి కాలడం కళ్లారా చూసి మళ్లీ స్తంభమెక్కలేకపోతే అది సోమరితనం కింద జమ!

మరి ఈ పనిలోకి స్త్రీలు వస్తే? 2019లో తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ వుద్యోగాలకి స్త్రీలని అనుమతించకపోతే కొందరు హైకోర్టుకెళ్లారు. బబ్బూరి శిరీష 2020 డిసెంబరులో స్తంభమెక్కే పరీక్ష నెగ్గింది. ఎంతో సంతోషించాం. అయితే భయాన్ని దాచుకోవడమే అర్హత అయిన చోట స్త్రీ కూడా దాచుకునే తీరాలి. పైగా ఆమె ఒక్కసారి తటపటాయించినా ఆడవాళ్లందరికీ కలిపి అనర్హత రాసేస్తారు.

అందుకే 14416 టెలిమానస్ నంబరు గోడకి అంటించి చేతులు దులుపుకుంటే చాలదు. రాతపూర్వకంగా లైన్ క్లియర్ లేకుండా, రెండో మనిషి లేకుండా స్తంభమెక్కనని చెప్పే హక్కు కాంట్రాక్టు కార్మికుడికి కూడా వుండాలి. ప్రమాదాన్ని చూసినవాళ్లకి జీతంతో సెలవు ఇవ్వాలి, విచారణ నివేదిక చనిపోయినవాడి భార్య చేతికి అందాలి. ఆమెని సాక్షిగా పిలిచి, ఆ ముందు వారం అతను ఎన్ని రాత్రులు నిద్రపోయాడో అడిగి రాసుకోవాలి.